అధ్యక్షపదవి - అల్పసంఖ్యాకుల ఓటు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్ల కొకమాఱు అధ్యక్షుని యెన్నిక వచ్చినప్పుడెల్ల ఒక వాదము తప్పక వినబడుచుండును. ఆ దేశజనములో నల్లజాతివారు నూటికి పదుమువ్వురో పదునలుగురో; స్పానిషుభాషా సంతతివారు ఇరువదిమందికి దాపు; ఆసియాఖండమునుండి వచ్చిన కుటుంబములవారు ఏడుగురు. వీరిలో ఓటుహక్కు గలవారు ఇంకను తక్కువ. ఇట్టి స్వల్పసంఖ్యాకులను వెదకికొనిపోయి వారి మన్ననకై పాటుపడుటకంటె అధికసంఖ్యాకులను గట్టిగా పట్టుకొనియుండుటయే అభ్యర్థికి లాభమని కొందఱు చెప్పుదురు. కాదు, వారు లేనిదే గెలుపు లేదని మఱికొందఱు చెప్పుదురు. ఉభయులును లెక్కలమీదనే నడచుచున్నారు. మా అభిప్రాయమున ఈ ప్రశ్నలో లెక్క సగమే. అభ్యర్థి వారి గుమ్మము నెప్పుడు తొక్కెను, వారి కే కష్టము వచ్చియున్నప్పుడు తొక్కెను, పదవి వచ్చిన తరువాత మరల ఆ దారిని పోయెనా లేదా యనునది తక్కిన సగము. 2028 నవంబరులో జరుగవలసిన యెన్నికకు ఉభయపక్షములును సన్నద్ధమగుచున్న యీ కాలమున గతచరిత్రను ఒకమాఱు తిరిగి చూచుట అనవసరము కాదు.

మొదట లెక్కనే విచారింతము. అమెరికా ప్రజలు తమ అధ్యక్షుని నేరుగా ఎన్నుకొనరు. 538 మంది నిర్వాచకులలో 270 మంది మద్దతు వచ్చినవాడు అధ్యక్షుడగును. మెయిన్, నెబ్రాస్కా యను రెండు రాష్ట్రములు తప్ప తక్కిన యన్నిచోట్ల ఒక్క ఓటు ఎక్కువ వచ్చినను ఆ రాష్ట్రపు నిర్వాచకు లందఱును ఆ యభ్యర్థికే దక్కుదురు. కావున ఒక వర్గమువారు ఎందఱున్నారను దానికంటె ఎక్కడ నున్నారనునది ముఖ్యము. మిసిసిపీ రాష్ట్రజనములో నల్లజాతివారు మూడవవంతునకు మించియున్నారు. అయినను 1976 తరువాత ఆ రాష్ట్రము, వారిలో అత్యధికులు కోరు డెమొక్రాటు అభ్యర్థిని ఒక్కమాఱైనను గెలిపింపలేదు. విస్కాన్సిను రాష్ట్రములో వారు నూటికి ఆఱేడుగురే. ఐనను అక్కడి మిల్వాకీ నగరములో ఆ కొద్దిమందిలో ఎందఱు ఇల్లు కదలి ఓటు వేయుదురని దేశమంతయు వేచిచూచిన సందర్భములు గలవు. సమానముగా తూగుచున్న త్రాసులో గురిగింజ చాలును.

ఈ గురిగింజ విలువ తెలియుటకు అచటి రాజకీయజ్ఞులకు చాలకాలము పట్టెను. జాతినిబట్టి ఓటుహక్కును నిరాకరింపరాదని 1870లోనే రాజ్యాంగమునకు పదునైదవ సవరణ జరిగినది. కాని దక్షిణరాష్ట్రములవారు తలపన్ను కట్టినవారికే ఓటనియు, చదువు పరీక్షలో నెగ్గినవారికే ఓటనియు నిబంధనలు కల్పించి నల్లజాతివారిని ఓటుపెట్టె దాపునకు రానీయకుండిరి. ఆ పరీక్ష పెట్టువాడును, తప్పొప్పులు నిర్ణయించువాడును తెల్లజాతి యుద్యోగియే యగుటచే ఎంత చదివినవాడైనను తప్పవలసినదే. అంతట లక్షలకొలది కుటుంబములు పొలములు విడిచి షికాగో, డెట్రాయిటు, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములకు బ్రతుకుతెరువునకై వలసపోయినవి. వారు పోయినది కూలికొఱకు. ఓటు వారికి దానితోపాటు దొరకినది. అంతవఱకు బానిసత్వమును తొలగించిన లింకను పక్షమని రిపబ్లికనులనే నమ్మియున్న యా జనులు 1936లో రూజ్‌వెల్టునకు, అనగా డెమొక్రాటునకు, మొగ్గుచూపిరి. అది సిద్ధాంతముచే కాదు. మాంద్యకాలములో కూలి చూపించినవానిని వారు గుర్తుంచుకొనిరి.

1948లో ట్రూమన్ పరిస్థితి పరికింపదగినది. ఆయన మిస్సౌరి రాష్ట్రీయుడు. ఆయన తాతలు బానిసల నుంచుకొన్నవారు. అట్టి యాయన 1947 జూనులో వాషింగ్టనునందలి లింకను స్మారకమందిరము మెట్లపై నిలిచి నల్లజాతివారి హక్కుల సంఘమునుద్దేశించి ప్రసంగించెను. అంతకుముందు ఏ అధ్యక్షుడును ఆ సంఘమువారి సభ కేగి మాటాడలేదు. 1948 జూలై 26వ తేదిన సైన్యములో జాతిభేదము పాటింపరాదని ఉత్తరువు చేసెను. అక్టోబరు 29వ తేదిన న్యూయార్కునందలి హార్లెము పేటకు పోయి ఓటర్లతో మాటాడెను. దీని ఫలితముగా ఏమి పోగొట్టుకొనునో ఆయన ఎఱుగకపోలేదు. దక్షిణరాష్ట్రములవారు కోపించి థర్మండ్ అను గవర్నరును ప్రత్యేకముగా నిలిపిరి. నాలుగు రాష్ట్రములు చేజాఱెను. 39 నిర్వాచకమతములు థర్మండునకు పోయెను. ట్రూమన్ ఓటమి నిశ్చయమని పత్రికలు వ్రాసెను. షికాగోలో ఒక పత్రిక డ్యూయీ గెలిచినట్లు పెద్ద అక్షరములతో అచ్చువేసి మఱునాడు నవ్వులపాలయ్యెను. (మా వృత్తిలోనివారు ఈ సంగతి నెన్నడును మఱువరాదు.)

ట్రూమన్ ఎట్లు గెలిచెను? ఒహయో రాష్ట్రములో ఏడువేల చిల్లర, కాలిఫోర్నియాలో పదునెనిమిదివేలకు లోపు, ఇల్లినాయి రాష్ట్రములో ముప్పదినాలుగువేలకు లోపు ఆధిక్యము. మూడును కలిపినను అఱువదివేలు కాలేదు. ఆ మూడు రాష్ట్రములకును ఆనాడు 78 నిర్వాచకమతములు. అవి డ్యూయీకి పోయియున్నచో ఆయనకు 267 వచ్చెడివి. ఆనాడు గెలుపునకు కావలసినది 266. ఈ మూడు రాష్ట్రముల పెద్ద నగరములలో నల్లజాతి ఓటర్లు లక్షలకొలది యుండిరి. రైతులును కార్మికసంఘములవారును ట్రూమనునకు తోడుపడిరి గనుక ఆ ఓట్లే ఆయనను గెలిపించెననుట అతిశయోక్తి. కాని అవి లేక గెలిచెడివాడు కాడనుటలో సందేహము లేదు. ముప్పదితొమ్మిది పోయిననాడు డెబ్బదియెనిమిది నిలిచినవి. అధికసంఖ్యాకులు కోపింతురని వెఱచువారు ఈ లెక్కను చూడవలెను.

అన్నిటికంటె బోధకమైనది 1960 సంవత్సరపు కథ. అందులోని పాత్రలెవ్వరును మనము తలచినట్లు ప్రవర్తింపలేదు. ఆ సంవత్సరము డెమొక్రాటు అభ్యర్థి జాన్ కెన్నెడీ. ఆయన నల్లజాతివారికి చిరపరిచితుడు కాడు. రోమన్ కాథలిక్కగుటచే ప్రొటెస్టంటు బోధకులు, వారిలో నల్లజాతి బోధకులు సైతము, ఆయనను శంకించుచుండిరి. తానే ఒక అల్పసంఖ్యాక మతస్థుడైన యాతడు సెప్టెంబరులో హ్యూస్టనులోని మతబోధకుల సభ కేగి తన మతము తన పదవికి అడ్డురాదని సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. రిపబ్లికను అభ్యర్థి నిక్సన్ అప్పటికి ఉపాధ్యక్షుడు. ఆయనకు మార్టిన్ లూథర్ కింగుతో 1957లో ఘనాదేశపు స్వాతంత్ర్యోత్సవమునాటినుండి పరిచయము. ప్రసిద్ధ క్రీడాకారుడు జాకీ రాబిన్సన్ నిక్సన్ పక్షమున ప్రచారము చేయుచుండెను. కింగు తండ్రి, అట్లాంటాలో మతబోధకుడు, తాను నిక్సనుకే ఓటు వేయుదునని చెప్పియుండెను. అంతకుముందు 1956లో ఐసెన్‌హోవరునకు నల్లజాతి ఓట్లలో నూటికి దాదాపు నలువది వచ్చియుండెను. ఇంత యనుకూలత గలవాడు దానిని రెండువారములలో పోగొట్టుకొనెను.

అక్టోబరు 19వ తేదిన అట్లాంటా నగరములో ఒక పెద్ద దుకాణమునందలి భోజనశాలలో తెల్లవారితో సమానముగా కూర్చుండి భోజనము కోరినందుకు కింగును విద్యార్థులతోపాటు నిర్బంధించిరి. తక్కినవారిని విడిచిరి గాని ఆయనను విడువలేదు. కారణము చిత్రమైనది. ఆయన జార్జియా రాష్ట్రములో అలబామా లైసెన్సుతో మోటారు నడపెనని అంతకుముందొక స్వల్పనేరము మోపి జరిమానాయు, మంచినడవడి షరతును విధించియుండిరి. ఆ షరతు భంగమయ్యెనని ఒక జడ్జి నాలుగునెలల కఠినశిక్ష వేసెను. రాత్రివేళ సంకెళ్లు తగిలించి రీడ్స్‌విల్లు జైలునకు తరలించిరి. దక్షిణరాష్ట్రముల జైళ్లలో నల్లజాతివారు మాయమగుట క్రొత్త కాదు. ఆఱు నెలల గర్భిణియైన భార్య కొరెటా భయముతో ఎవరినో ఒకరిని సాయమడుగుచుండెను.

అక్టోబరు 26వ తేదిన కెన్నెడీ షికాగోలో విమానాశ్రయము దాపున ఒక హోటలుగదిలో నుండెను. ఆమెకు ధైర్యము చెప్పుట బాగుండునని హారిస్ వాఫర్డ్ అను ఉద్యోగి తలచెను. ఆ మాటను అభ్యర్థి చెవిని వేసినవాడు ఆయన బావమఱది సార్జెంట్ ష్రైవర్. అదియు ఎట్లు? ప్రచారసలహాదారులందఱు గదినుండి బయటికి పోవువఱకు కాచుకొనియుండి చెప్పెను. వారున్నచో దక్షిణరాష్ట్రములు పోవునని అడ్డుపడుదురని యెఱుగును. కెన్నెడీ వెంటనే టెలిఫోను అందుకొనెను. సంభాషణ రెండు నిమిషములైనను జరుగలేదు. సంగతి తెలిసి తమ్ముడు రాబర్టు మండిపడెను. కాని తుదకు తానే జడ్జికి టెలిఫోను చేసెను. మఱునాడు కింగు విడుదలయ్యెను.

ఈ దినములలో నిక్సన్ ఏమియు పలుకలేదు. రాబిన్సన్ పోయి బ్రతిమాలినను పలుకలేదు. న్యాయవాదియైన తాను ఒక జడ్జి తీర్పులో జోక్యము కలిగించుకొనుట ధర్మము కాదని ఆయన తలచెనందురు. ఆ ధర్మసూక్ష్మమును మేము తీసివేయుటలేదు. అభ్యర్థి జడ్జికి టెలిఫోను చేయుట మంచి సంప్రదాయమని మేమును అనజాలము. కాని జడ్జితో మాటాడుట వేఱు, భయపడుచున్న యొక స్త్రీకి ధైర్యము చెప్పుట వేఱు. రెండవదానికి ఏ ధర్మశాస్త్రము అడ్డువచ్చును? కింగు తండ్రి తన యోటును, తన మాట వినువారి ఓట్లను కెన్నెడీకి ఇప్పింతునని బహిరంగముగా చెప్పెను. నిక్సన్ మౌనమును, కెన్నెడీ దయను ప్రక్కప్రక్కన నిలిపి నీలికాగితముమీద ఒక చిన్న కరపత్రము దాదాపు ఇరువదిలక్షల ప్రతులు అచ్చువేసి, ఎన్నికకు ముందటి ఆదివారమున నల్లజాతివారి చర్చీల వాకిళ్లలో పంచిరి. అభ్యర్థి పక్షము పేర గాక బోధకుల సంఘము పేర దానిని వెలువరించిరి. తెల్లవారి పత్రికలలో దీని సద్దు అంతగా లేకుండుటయే కెన్నెడీ మనుష్యుల కోరిక. ఒక యింట దీపము పెట్టి ప్రక్కయింటివారికి వెలుగు కనబడకుండ తలుపు మూసినట్లున్నది ఆ నేర్పు. దానిని మేము మెచ్చుకొనజాలము. అది ఫలించెననియు కాదనజాలము.

నవంబరు 8వ తేదిన ఆఱుకోట్ల ఎనుబది లక్షలకు పైగా పడిన ఓట్లలో కెన్నెడీ ఆధిక్యము లక్షాపదుమూడువేలు మాత్రమే. నల్లజాతి ఓట్లలో ఇంచుమించు మూడింట రెండువంతులు ఆయనకు వచ్చెను. ఇల్లినాయిలో ఆధిక్యము 8,858. మిచిగనులో దాదాపు 67 వేలు. ఆ రెండు రాష్ట్రములును పోయినచో ఆయనకు మిగులునవి 256. ఆనాడు కావలసినవి 269. టెక్సాసులో మెక్సికో సంతతివారి యందు ఆయన పేర సంఘములు వెలసినవి. భార్య జాక్వెలిన్ స్పానిషుభాషలో ఓటర్ల నుద్దేశించి మాటాడెను. అక్కడి ఆధిక్యము నలువదియాఱువేల చిల్లర. ఇంత సన్ననిపోటీలో గెలుపునకు నూఱు కారణములు చెప్పవచ్చును. షికాగో నగరనాయకుల పలుకుబడియు నందొకటి. కాని ఆ నూటిలో రెండునిమిషముల టెలిఫోను ఒకటనుట చరిత్రకారులలో పెక్కురకు సమ్మతము.

కథ అక్కడితో ముగిసినచో చక్కని యుపాఖ్యానముగ నుండెడిది. ప్రభుత్వసహాయముతో కట్టు ఇండ్లలో జాతిభేదమును కలముపోటు ఒక్కదానితో తొలగింపవచ్చునని కెన్నెడీ ప్రచారములో చెప్పియుండెను. అధ్యక్షుడైన పిమ్మట ఆ కలము కదలలేదు. ఒక యేడు గడచెను, రెండవ యేడును గడవవచ్చెను. విసిగిన జనులు కలములను, సిరాబుడ్లను మూటలు గట్టి టపాలో శ్వేతసౌధమునకు పంపనారంభించిరి. తుదకు 1962 నవంబరు 20వ తేదిన ఆ ఉత్తరువు వెలువడెను. ఓటు అడుగుటకు రెండు నిమిషములు చాలెను. మాట చెల్లించుటకు ఇరువదిరెండు నెలలు పట్టెను. దక్షిణరాష్ట్రముల సెనేటర్లు అలుగుదురను భయమే దీనికి కారణము.

1964 గుఱించి ఎక్కువ చెప్పబనిలేదు. ఆ యేటి పౌరహక్కుల శాసనమునకు రిపబ్లికను అభ్యర్థి గోల్డువాటర్ సెనేటులో వ్యతిరేకముగా ఓటు వేసెను. అంతకుముందటి చట్టముల నాయన సమర్థించినవాడే. దీనికి రాజ్యాంగమును సాకుగా చూపెను. ఆయన గెలిచినది స్వరాష్ట్రమైన ఆరిజోనాను, దక్షిణమున అయిదు రాష్ట్రములను మాత్రమే. నల్లజాతి ఓట్లలో నూటికి తొంబదికి పైగా జాన్సనునకు పడెను. నాటినుండి నేటివఱకు అధ్యక్షపదవికి నిలిచిన ఏ రిపబ్లికనునకును ఆ ఓట్లలో ఐదవవంతైనను దక్కలేదు. ఒక్క ఓటు వేసిన గాయము అఱువదియేండ్లు మానలేదు.

ఐనచో అల్పసంఖ్యాకులను దూరము చేసికొన్నవాడు ఓడితీరునా? అట్లని సూత్రము కట్టినవారు 2016లో తెల్లబోయిరి. 2012లో రామ్నీ వలసవచ్చినవారు తమంత తామే వెడలిపోవునట్లు చేయవలెనని పలికి, స్పానిషుభాషా సంతతివారి ఓట్లలో నూటికి ఇరువదియేడు మాత్రము పొంది ఒబామా చేతిలో ఓడెను. ఆ పక్షమువారు 2013 మార్చిలో నివేదిక వ్రాయించిరి. ఆ వర్గములతో సఖ్యము లేనిదే పక్షమునకు భవిష్యత్తు లేదని దాని సారాంశము. రెండేండ్లు దాటిన కొలది నెలలకే 2015 జూనులో ట్రంపు మెక్సికోవారిని నిందించుచు ప్రచారము మొదలుపెట్టెను, గెలిచెను కూడ. నివేదిక చెత్తబుట్టలో పడెనని పలువురు నవ్విరి. ఆ నవ్వులో తొందరపాటు గలదు. పెన్సిల్వేనియా, మిచిగను, విస్కాన్సిను మూడింట కలిపి ఆయన ఆధిక్యము 78 వేలకు లోపు. ప్రభుత్వపు జనగణన శాఖ లెక్కల ప్రకారము నల్లజాతివారిలో 2012లో నూటికి 66.6 వంతులవారు ఓటు వేసియుండగా 2016లో 59.6 వంతులవారే వేసిరి. వారు ట్రంపు వైపునకు పెద్దగా పోలేదు, ఇంట కూర్చుండిరి. ఈ ఓటు మనదే యని హిల్లరీ క్లింటన్ పక్షమువారు నిశ్చింతగా నుండిరి. విస్కాన్సినులో అసలు పోటీ ముగియువఱకు ఆమె అడుగుపెట్టనేలేదు. శత్రువునకు పడిన ఓటు లెక్కలో కనబడును. పడకయే పోయిన ఓటును ఎవ్వరును లెక్కింపరు. ఓటమి మాత్రము రెంటివలనను వచ్చును.

దీనికి ప్రతియుదాహరణము 2020లో దొరకును. బైడెను తన పక్షములోని అభ్యర్థులతో పోటీపడుచు అయోవా, న్యూహాంప్‌షైరు, నెవాడాలలో వరుసగా ఓడెను. పని ముగిసినదని అందఱును అనుకొనుచుండగా, ఫిబ్రవరి 26వ తేదిన దక్షిణ కరొలైనాలో నల్లజాతి నాయకుడు క్లైబర్న్ ఆయనను బలపఱచెను. మూడుదినముల తరువాత జరిగిన పోటీలో ఆయన సుమారు సగము ఓట్లతో గెలిచెను. ఓటు వేసినవారిలో సగమునకు మించి నల్లజాతివారే. ఎన్నో యేండ్ల పరిచయము ఆనాడు పనికివచ్చెను. ఆ నవంబరులో జార్జియాలో 11,779 ఓట్ల ఆధిక్యముతో ఆ రాష్ట్రమును గెలిచెను. 1992 తరువాత డెమొక్రాటు ఎవ్వరును ఆ రాష్ట్రమును గెలిచియుండలేదు.

ఇక 2024. డెమొక్రాటు పక్షమువారు పట్టాభూమియని తలచినది కౌలుభూమియని ఆ యేడు తేలినది. టెక్సాసులో రియోగ్రాండి నదియొడ్డున స్టార్ అను కౌంటీ గలదు. అచటి జనములో నూటికి తొంబదియైదుమందికి మించి స్పానిషుభాషా సంతతివారు. 1892 తరువాత అది రిపబ్లికను నెన్నడును గెలిపింపలేదు. 2012లో ఒబామాకు నూటికి 86 వచ్చెను. 2016లో హిల్లరీకి 79. 2020లో బైడెనునకు 52. 2024లో ట్రంపు నూటికి 57కు పైగా పొంది గెలిచెను. పండ్రెండేండ్ల పాటు మెట్టుమెట్టుగా నేల జాఱుచుండగా భూస్వామి చూడలేదు. ధరలు పెరిగినవి, సరిహద్దులో వలస మితిమీరినదని అచటి పేదకుటుంబములే మొఱపెట్టిరి. నగరములలో కూర్చున్న పండితులు మాత్రము వలసవచ్చినవారి సంతతి గనుక వలసనుగూర్చిన కఠినవాక్యములు వారికి నొప్పి కలిగించునని తేల్చుకొనిరి. మూడుతరములనుండి అక్కడనే పుట్టి పెరిగి, సరిహద్దు కావలిలో ఉద్యోగము చేయుచున్నవానిని నీ వెవడవని అడుగక, నీ వెవడవో నేనే చెప్పెదనన్నట్లయ్యెను. దేశమంతట స్పానిషుభాషా సంతతివారిలో నూటికి సుమారు నలువదియెనిమిది ఓట్లు ట్రంపునకు వచ్చెనని ప్యూ పరిశోధనసంస్థవారు తరువాత తేల్చిరి. నల్లజాతివారిలో అదే పరిశీలన ప్రకారము ఎనిమిదినుండి పదునైదునకు పెరిగెను.

మిచిగనులోని డియర్‌బార్న్ నగరము మఱొక తీరు. అచట అరబ్బు సంతతివారు సగమునకు మించియున్నారు. గాజా యుద్ధమున బంధువులను పోగొట్టుకొన్న కుటుంబము లెన్నియో అందున్నవి. ఎన్నికకు నాలుగుదినములు ముందు నవంబరు 1వ తేదిన ట్రంపు ఆ నగరములోని ఒక భోజనశాలకు వచ్చెను. అచటి ఓట్లలో ఆయనకు నూటికి 42, కమలా హారిసునకు 36, మూడవ అభ్యర్థినియైన స్టెయిన్‌కు 18 పడినవి. ఆ రాష్ట్రమున ట్రంపు ఆధిక్యము ఎనుబదివేలు గనుక ఈ నగరమొక్కటే ఫలితమును తాఱుమాఱు చేసెననుట సరికాదు. కాని ఓటర్లు కోరినది ఓదార్పు. వారికి దొరకినది ప్రత్యర్థి వచ్చిన ఇంకను కీడగునను హెచ్చరిక. హెచ్చరిక విని ఓటు వేయువాడు బెదరినవాడే కాని నమ్మినవాడు కాడు.

మనవారి సంగతియు ఇందు కొంత గలదు. టెక్సాసు, న్యూజెర్సీ, జార్జియా, కాలిఫోర్నియాలలో తెలుగు కుటుంబములు వేలకొలది స్థిరపడినవి. వీసాలమీద నుండి ఏండ్లతరబడి నిరీక్షించువారికి ఓటు లేదు, పౌరులైనవారికి గలదు. 2024లో ఒకవైపు అధ్యక్షపదవికి నిలిచిన కమలా హారిసు తల్లి మద్రాసునుండి పోయిన తమిళకుటుంబమువారు. రెండవవైపు ఉపాధ్యక్షపదవికి నిలిచిన వాన్సు భార్య ఉష, ఆంధ్రదేశమునుండి వలసపోయిన తెలుగు తల్లిదండ్రుల బిడ్డ. ఇచట గ్రామములలో మన ఆడపడుచని పూజలు చేసినవారును గలరు. ఆ సంతోషమును మేము తప్పుపట్టము. కాని కార్నెగీ సంస్థ పరిశీలనల ప్రకారము భారతసంతతి ఓటర్లలో 2020లో బైడెనును కోరినవారు నూటికి 68 మంది యుండగా, 2024లో భారతీయురాలి కుమార్తెను కోరినవారు 61 మందికి తగ్గిరి. ట్రంపును కోరినవారు 22నుండి 32కు పెరిగిరి. బంధుత్వము వేఱు, నమ్మకము వేఱు. దీపావళినాడు దీపము వెలిగించిన అభ్యర్థి తమ పిల్లల చదువులను, వీసాల వరుసను, దుకాణములమీది దొంగతనములను గుఱించి ఏమనునని మనవారును అడుగ నేర్చిరి. మొగ్గు మార్చినవారికి జవాబును త్వరలోనే వచ్చినది. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్షడాలర్ల రుసుము విధించుచు ట్రంపు ప్రకటన చేసెను. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు ప్రాంతములలో పొలము కుదువపెట్టి పిల్లలను సముద్రము దాటించిన తండ్రులు ఆ వారమంతయు నిదురపోలేదు.

ఈ వర్గముల ఓటు ఇటు మరలినదని 2024 తరువాత రిపబ్లికనులు శాశ్వతలెక్కలు వేసికొనసాగిరి. 2013లో నివేదిక వ్రాసినవారు చేసిన తప్పునే వీరును వేఱొక దిక్కునుండి చేసిరి. న్యూజెర్సీలో పసాయిక్ అను కౌంటీ గలదు. స్పానిషుభాషా సంతతివారు మిక్కిలిగా నున్న ప్రదేశము. చిరకాలము డెమొక్రాటులదైన యా కౌంటీని 2024లో ట్రంపు గెలిచెను. ఇళ్ల అద్దెలు, సరకుల ధరలు తగ్గునని వారు ఆశించిరి. 2025 నవంబరు 4వ తేదిన అదే కౌంటీలో గవర్నరు ఎన్నిక జరిగెను. డెమొక్రాటు అభ్యర్థిని షెరిల్ అక్కడ సునాయాసముగా గెలిచెను. ఆ రెండు ఎన్నికలకును నడుమ గడచినవి పండ్రెండు నెలలు.